సిద్కియా గుహ: యెరూషలేము గోడ కింద రాతి గని

పాత యెరూషలేము ఉత్తరపు గోడ అడుగున, దమస్కు గుమ్మానికి తూర్పుగా సుమారు 150 మీటర్ల దూరంలో ఒక చిన్న ద్వారం ఉంది. టూరు బృందాలు చాలావరకు దాన్ని చూడకుండానే దాటిపోతాయి. లోపల మాత్రం దాదాపు 9,000 చదరపు మీటర్ల గని ఉంది. పొడవు సుమారు 230 మీటర్లు. దీన్ని సిద్కియా గుహ అనీ, సొలొమోను గనులు అనీ అంటారు. పైన ముస్లిం పేట ఇళ్లు, దుకాణాలు ఉన్నాయి. వాటి కింద ఇంత ఖాళీ ఉందని పై వీధిలో నడిచేవాళ్లకు అనిపించదు.

ఈ గని గురించిన కథలన్నీ లోపల కంటికి కనిపించే ఏదో ఒక గుర్తు నుంచి పుట్టినవే. అందుకే ముందు గోడలు చూసి, తర్వాత కథలు వింటే ఈ చోటు బాగా అర్థమవుతుంది.

ఇక్కడి రాయి మెలెకె అనే తెల్లని సున్నపురాయి. గనిలో ఉన్నప్పుడు ఉలికి తేలిగ్గా లొంగుతుంది, బయటికి తీశాక గాలికి ఆరి గట్టిపడుతుంది. పశ్చిమ గోడలో కనిపించే పెద్ద దిమ్మెలు కూడా ఈ రకం రాయే. కూలీలు దిమ్మె చుట్టూ సన్నని గాడి కొట్టి, అందులో ఎండిన చెక్క మేకులు దిగ్గొట్టి, వాటిని నీళ్లతో తడిపేవారు. చెక్క ఉబ్బి, దిమ్మె వెనక బండ నుంచి విడిపోయేది. రాతిలో కనపడని పగులు ఉంటే మాత్రం దిమ్మె అడ్డదిడ్డంగా చీలి, చేసిన పనంతా వృథా అయ్యేది. సగం కొట్టి వదిలేసిన దిమ్మెలు గోడల్లో ఇంకా అలాగే ఉన్నాయి. పైకప్పు కూలకుండా అక్కడక్కడ రాతిని తీయకుండా లావు స్తంభాలుగా వదిలారు. లోపలి దీపాలు ఎదురుగా పడి ఉలి గుర్తులను చదును చేసేస్తాయి. చిన్న టార్చి తీసుకెళ్లి, గోడకు ఆనించినట్టు పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకోండి. ఒక్కొక్క దెబ్బా విడిగా కనిపిస్తుంది. అంత బాగా చూడగలిగే చోటు నగరంలో ఇంకొకటి లేదు.

ఇక కథలు. క్రీ.పూ. 586లో బబులోను సేనలు నగరాన్ని పట్టుకున్నప్పుడు యూదా చివరి రాజు సిద్కియా ఈ గుహలోంచి యెరికో మైదానం వరకూ పారిపోయాడట. దేవుడు గుహ పైన నేల మీద ఒక జింకను నడిపించాడనీ, దాన్ని తరుముతూ వచ్చిన సైనికులకు రాజు గుహ బయటికి వస్తూ చిక్కాడనీ యూదుల వ్యాఖ్యానాల్లో ఉంది. గుహ చివర పైనుంచి కారే నీటిని సిద్కియా కన్నీళ్లంటారు. కొడుకులను కళ్ల ముందే చంపి, తర్వాత ఆయన కళ్లు పీకేశారన్న బైబిలు వాక్యం తెలిసినవాళ్లను ఆ చోటు తప్పక నిలబెట్టేస్తుంది. నీళ్లు మాత్రం తాగొద్దు.

అయితే రెండవ రాజుల గ్రంథం 25వ అధ్యాయం ప్రకారం రాజు పారిపోయింది రాజు తోట దగ్గరి గుమ్మం గుండా. ఆ తోట నగరానికి దక్షిణపు కొసన, సిలోయము వైపు ఉండేది. ఆ కాలంలో ఈ ఉత్తరపు గుట్ట నగరానికి వెలుపలే. పైగా గుహ చివర బండతో మూసుకుపోతుంది, యెరికోకు దారి లేదు. సొలొమోను తన దేవాలయానికి రాళ్లు ఇక్కడి నుంచే తీశాడన్న కథకూ అలాంటి పునాదే. దేవాలయం కట్టేచోట సుత్తి, గొడ్డలి చప్పుడు వినబడకుండా రాళ్లను గనిలోనే సిద్ధం చేశారని మొదటి రాజుల గ్రంథం 6:7 చెబుతుంది. నేల కింద ఇంత పెద్ద గని కనబడగానే జనం ఆ వాక్యాన్ని దీనికి ముడిపెట్టారు. సొలొమోను కాలపు తవ్వకానికి ఇక్కడ గట్టి ఆధారం దొరకలేదు. హేరోదు రాజు కాలపు పనే ఇక్కడ ఎక్కువ జరిగిందని పండితుల అభిప్రాయం. మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసెఫస్ నగరపు మూడో గోడ గురించి రాస్తూ రాజ గుహలను పేర్కొన్నాడు. అవి ఇవేనని చాలామంది అనుకుంటారు.

ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ 16వ శతాబ్దంలో గోడ కట్టించినప్పుడు ద్వారం మూతపడింది. 1854లో అమెరికన్ మిషనరీ జేమ్స్ బార్‌క్లే కుక్క గోడ పక్క మట్టి తవ్వితే మళ్లీ బయటపడిందంటారు. 1868 నుంచి ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం వాళ్లు ఇక్కడి పెద్ద గదిలో సభలు జరుపుతూ వచ్చారు. సొలొమోను దేవాలయం కట్టిన మేస్త్రీలను వాళ్లు తమ మూలపురుషులుగా తలుస్తారు.

చేరుకోవడం సులువే. బెన్ గురియన్ విమానాశ్రయం నుంచి రైల్లో యిత్సాక్ నవోన్ స్టేషన్‌కు రండి. ఆ స్టేషన్ నేలకు 80 మీటర్ల లోతున ఉంది కాబట్టి ఎస్కలేటర్లకే కొంత సమయం పడుతుంది. పైన ఎర్ర లైను ట్రామ్ ఎక్కి, పిస్గత్ జీవ్ వైపు వెళ్లి, దమస్కు గుమ్మం స్టాపులో దిగాలి. రైలుకూ ట్రామ్‌కూ రావ్-కావ్ అనే ప్రయాణ కార్డు పనిచేస్తుంది. యూదుల విశ్రాంతి దినం కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం చీకటి పడేదాకా రెండూ నడవవు. గని వేళలు వేసవికీ చలికాలానికీ మారతాయి, లోపల సంగీత కచేరీలుంటే సందర్శకులను రానివ్వకపోవచ్చు. శుక్రవారానికి పెట్టుకోకుండా ముందురోజే అడిగి తెలుసుకోండి. దమస్కు గుమ్మం దగ్గర గొడవలు, ఆంక్షలు ఉన్నాయేమో కూడా అప్పుడే కనుక్కోండి. లోపల నేల వాలుగా, తేమగా ఉంటుంది. అరిగిన చెప్పులు జారతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు తిరిగి ఎక్కి రావడం కష్టం. చక్రాల కుర్చీకి కుదరదు. గంట సమయం చాలు.

బసకు గోడ లోపలైతే 1863లో తెరిచిన యాత్రికుల బస ఆస్ట్రియన్ హాస్పిస్ మంచిది. దాని మిద్దె మీది నుంచి పాత నగరమంతా కనిపిస్తుంది. అయితే కారు నగర గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి మెట్ల వీధిలో, సంత జనం మధ్య పెట్టెలు మోసుకోవాలి. సామాను ఎక్కువైతే నబ్లుస్ రోడ్డులోని సెయింట్ జార్జ్ గెస్ట్ హౌస్ నయం. టాక్సీ వాకిట్లోకే వస్తుంది. యాఫా వీధి హోటళ్లకు ట్రామ్ దగ్గరే కానీ శనివారం ఆ చుట్టుపక్కల తిండి దొరకడమే కష్టం. ఆ రోజు తూర్పు యెరూషలేములో అంగళ్లు తెరిచే ఉంటాయి.

ఒక్క పూటే ఉంటే, నడవగలిగినవాళ్లకు 533 మీటర్ల పురాతన నీటి కాలువ హిజ్కియా సొరంగం కంటే ఈ గనికే నా ఓటు. అక్కడ మోకాళ్ల లోతు నీళ్లలో, ఇరుకులో వరసగా సాగాలి, ఆగి చూసే వీలుండదు. పశ్చిమ గోడ సొరంగాలకు గైడు తప్పనిసరి, ముందే బుక్ చేసుకోవాలి. గనుల మీదే ఆసక్తి ఉంటే ఇంకో రోజు కేటాయించి బెత్ గువ్రిన్ వెళ్లండి. అక్కడి సుద్దరాతి గనుల్లో పైన గట్టి పొరకు మనిషి పట్టేంత రంధ్రం చేసి, లోపలికి వెళ్లేకొద్దీ వెడల్పు చేస్తూ గంట ఆకారంలో తవ్వారు. సొంత కారు లేకపోతే అక్కడికి చేరడం కష్టం. వేసవిలో పొద్దున్నే వెళ్లాలి, గుహల మధ్య దారి చాలావరకు ఎండలోనే.