బరంపురంలో జూడో, జియు-జిట్సు రెండూ నేర్పే క్లబ్: చేరాలనుకునేవాళ్లకి

ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తాను: పిల్లలకైతే కళ్లు మూసుకుని చేర్చండి, పెద్దవాళ్లయితే మాత్రం ఏ రోజు ఏ క్లాసుకి వెళ్తున్నారో తెలుసుకుని వెళ్లండి. ఇక్కడ వారంలో కొన్ని సాయంత్రాలు జూడో, అంటే నిలబడి ఎదుటివాణ్ణి విసిరి పడేసే ఆట, మిగతావి బ్రెజిలియన్ జియు-జిట్సు, అంటే నేల మీద పట్లు, లాక్‌లతో సాగే ఆట. మ్యాట్ అదే, మనుషులూ చాలావరకు వాళ్లే, కానీ ఒంటికి పడే పని పూర్తిగా వేరు.

జూడో సార్ కొత్తవాళ్లకి పడటం నేర్పించాకే ఎవరినైనా విసరనిస్తారు. గడ్డం ఛాతీకి ఆనించి, అరచేత్తో మ్యాట్‌ని కొట్టి పడటం, అదే ఉకెమి, రోజుల తరబడి చేయిస్తారు. కొందరు విసుగొచ్చి మానేస్తారు, మానేయకండి, మోటార్‌సైకిల్ మీంచి జారినా పనికొచ్చే విద్య అది. తర్వాత ఉచికోమి, అంటే విసరకుండా ఒకే త్రో (విసిరే ఎత్తు)లోకి మళ్లీ మళ్లీ దూరడం, ఆ పైన రాందోరి, అంటే జతగాడితో నిజంగా తలపడే సాధన. పోటీలో బౌట్ నాలుగు నిమిషాలే, వీపు మీద శుభ్రంగా పడేస్తే ఇప్పోన్, అంటే పూర్తి గెలుపు, ఆట అయిపోయినట్టే. అందుకే కాలర్ పట్టు మీద, నిలబడే తీరు మీద అంత పట్టుదల. కింద పడ్డాక పని సాగకపోతే రిఫరీ 'మాతే' (ఆగండి) అని లేపేస్తాడు, అందువల్ల నేల మీద ఓపిగ్గా దారి వెతుక్కునే అలవాటు జూడోవాళ్లకి తక్కువ.

ఆ లోటు జియు-జిట్సు క్లాసులో తీరుతుంది. అక్కడ గార్డ్, అంటే కింద ఉన్నవాడు కాళ్లతో వేసే అడ్డు, దాటితే 3 పాయింట్లు, మౌంట్‌కి (మీదెక్కి కూర్చుంటే) 4, టేక్‌డౌన్‌కి (నిలబడినవాణ్ణి పడేస్తే) 2 మాత్రమే. దాంతో ఇప్పటి కుర్రాళ్లు చాలామంది చేతులు పట్టుకోగానే కూర్చుండిపోయి డె లా రివా గార్డ్ (ఎదుటివాడి కాలికి కాలు మెలేయడం), బెరింబోలో (కింద నుంచి దొర్లి వాడి వెనక్కి చేరడం) అంటూ కింద నుంచే మొదలుపెడతారు. ఆ ఆటలో తెలివి చాలా ఉంది, బరువు తక్కువున్నవాళ్లు పెద్దవాళ్లని తిప్పేయడం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ నిలబడి ఒక్క త్రో కూడా రానివాళ్లకి అది సగం విద్యే అని నా గట్టి అభిప్రాయం. ఈ క్లబ్ నాకు నచ్చింది ఇక్కడే: జియు-జిట్సు రోజున కూడా రౌండ్లన్నీ నిలబడే మొదలవ్వాలి, కూర్చోవడానికి వీల్లేదు. ఇంకో మంచి పనేంటంటే, 2010 నుంచి కట్టడి చేసి 2013కల్లా జూడో పోటీల్లో పూర్తిగా ఆపేసిన కాళ్ల పట్లు, అంటే నిలబడి చేత్తో కాలు పట్టుకుని పడేయడం, ఈ క్లాసులో మళ్లీ నేర్పుతారు.

రెండింటిలో ఏది గొప్ప అని క్లాసు బయట టీ దగ్గర వాదనలు జరుగుతూనే ఉంటాయి. జూడోకి ఆద్యుడు కానో జిగోరో 1882లో జపాన్‌లో పెట్టిన కోడోకాన్ అనే జూడో బడి నుంచే మయెదా అనే ఆటగాడు బ్రెజిల్ వెళ్లాడు, ఆయన దగ్గర నేర్చుకున్న కార్లోస్ గ్రేసీ కుటుంబమే ఆ విద్యని అక్కడ జియు-జిట్సుగా పెంచింది. 1951లో రియోలో జూడో ఆటగాడు కిమురా, కార్లోస్ తమ్ముడు హీలియో గ్రేసీ చెయ్యి మెలిపెట్టి గెలిచిన లాక్‌ని ఇక్కడ రెండు క్లాసుల్లోనూ చెప్తారు, అన్నదమ్ముల్లాంటి ఈ రెండు విద్యల మధ్య అంత పంతం ఎందుకో.

హీల్ హుక్, అంటే మడమ పట్టుకుని మోకాలిని మెలిపెట్టే లాక్, విషయంలో వీళ్ల జాగ్రత్తకి చేతులెత్తి దండం పెట్టాలి. జూడోలో మోచేతికి తప్ప ఇంకే కీలుకీ లాక్ వేయకూడదు. జియు-జిట్సులో ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ పోటీలు నడిపే సంస్థ) కూడా హీల్ హుక్‌ని గీ (ఆటకి వేసుకునే మందపాటి బట్టలు) లేని పోటీల్లో, బ్రౌన్, బ్లాక్ బెల్ట్ పెద్దవాళ్లకే 2021 నుంచి ఒప్పుకుంది. నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్ పోతుంది మరి. ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చి ప్రయత్నించిన కుర్రాణ్ణి సార్ అక్కడికక్కడే పక్కన కూర్చోబెట్టారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఏసీ లేదు, ఫ్యాన్లే. ఏప్రిల్, మే ఉక్కలో గీ వేసుకుని రాందోరి అంటే నరకం, ఆ నెలల్లో నో-గీ క్లాసే హాయి. వానాకాలంలో గీ ఆరదు, తామర అంటుకోకుండా రెండో జత ఉంచుకోండి. కొత్తగా కొనేవాళ్లు జూడో గీయే కొనుక్కోండి, రెండింటికీ ఒప్పుకుంటారు. ఫీజు మామూలు జిమ్ కంటే కొంచెం ఎక్కువ, రెండు విద్యలకి అది న్యాయమే. పాఠం ఒడియా, హిందీ కలిపి చెప్తారు, మన పిల్లలుంటే సార్ తెలుగులోకి దిగిపోతారు, భాష గురించి టెన్షన్ వద్దు.

పెద్ద ఫిర్యాదు మ్యాట్‌లే. గోడవైపు వరస పలచబడిపోయి, అతుకుల దగ్గర జరుగుతోంది. నేల మీద ఆటకి సర్దుకోవచ్చు గానీ, సెయోయి నాగె (భుజం మీంచి విసిరే త్రో) పడితే నడుం పట్టేస్తుంది. మేనేజ్‌మెంట్‌కి చెప్పాం, మారుస్తామన్నారు. మార్చేదాకా జూడో రోజున మధ్యలోనే జత కట్టండి, పిల్లల్ని అయితే గోడవైపు అసలు నిలబెట్టొద్దు.