తిరుపతిలో గుండె జబ్బుకు ధ్యానం ప్యాకేజీ కడుతున్నారా? ముందు ఇది చదవండి

స్టెంట్ వేయించుకున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్న అందరికీ ఈ పోస్టు. మా నాయనకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. అలిపిరి మెట్లు 3,550 ఏడాదికి రెండుసార్లైనా ఎక్కే మనిషి. మొన్న సంక్రాంతి వెళ్ళాక గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు. ఇంటికొచ్చాక మనిషే మారిపోయారు. రాత్రి నిద్ర లేదు, ఎడమ చెయ్యి కాస్త లాగినా టెన్షన్. "ఇంక కొండకు నడిచి పోలేనామ్మా?" అని రోజూ అడిగేవారు. అప్పుడే తెలిసినవాళ్ళు ఒక ధ్యాన కేంద్రం గురించి చెప్పారు. గుండె రోగులకు ప్రత్యేకం అన్నారు. 40 రోజులు, 18,000 రూపాయలు. నేనే దగ్గరుండి తీసుకెళ్ళి ఫోన్‌పేలో కట్టాను.

మొదటి రెండు వారాలు బాగుంది, ఆ మాట దాచను. కళ్ళు మూసుకుని 20 నిమిషాలు ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చోబెట్టేవారు. నాయనకు నిద్ర పట్టింది. మళ్ళీ అమ్మతో నవ్వుతూ మాట్లాడారు. ఆ నమ్మకంతోనే మేము తర్వాత ఏం చేయిస్తున్నారో అడగలేదు.

మూడో వారంలో 'పై స్థాయి సాధన' మొదలైంది. గబగబా ఊపిరి తీసి వదిలే భస్త్రిక ప్రాణాయామం, ఆ తర్వాత ఊపిరి బిగబట్టి అంకెలు లెక్కపెట్టడం. నాలుగు నెలలు కూడా కాని స్టెంటు మనిషి చేత ఇవి చేయించారు. నాయనకు కళ్ళు తిరిగాయట. "లోపలి చెడు బయటికి పోతోంది, భయపడొద్దు" అన్నారట. బీపీ చూసినవాళ్ళు లేరు. డిశ్చార్జి కాగితం చేరేరోజు జిరాక్స్ తీసుకున్నారు కానీ, అది చదివే డాక్టరు అక్కడ ఒక్కరూ లేరు.

ఒక ఆదివారం మాత్రల డబ్బా నింపుదామని తీశాను. వారం రోజుల గడులున్న ప్లాస్టిక్ డబ్బా. ఒక్కో గడిలో రెండేసి మాత్రలు అలాగే ఉన్నాయి. అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం. మా డాక్టరు రాసిన చీటీ జిరాక్స్ అది. రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్, బీపీ, గుండె వేగం అదుపులో ఉంచే మెటోప్రోలాల్ పేర్ల మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత, పక్కన 'ధ్యానం చాలు' అని రాసుంది. నాయనను అడిగితే తల దించుకున్నారు. "సాధన చేస్తే రక్తం తనంతట తానే పలచబడుతుందన్నారమ్మా. ఇంట్లో చెబితే నమ్మకం చెదురుతుంది, చెప్పొద్దన్నారు." అప్పటికి తొమ్మిది రోజులు.

ఆ రాత్రే గుండె దడ మొదలైంది. ఛాతీ బరువు, చొక్కా తడిసేంత చెమట. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఈసీజీ, రక్తపరీక్షలు రెండుసార్లు చేశారు. స్టెంట్ మూసుకుపోలేదు, స్వామి దయ.

డాక్టరు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. గుండెపోటుకు స్టెంట్ వేశాక ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ లాంటి ఇంకో మాత్ర మామూలుగా 12 నెలలు వాడాలి. స్టెంట్ లోపల కొత్త పొర పూర్తిగా పట్టకముందే ఆపితే అక్కడ రక్తం గడ్డకట్టి మళ్ళీ గుండెపోటు రావచ్చు. మెటోప్రోలాల్ లాంటివి ఒక్కసారిగా మానేస్తే బీపీ, గుండె వేగం ఎగదన్నుతాయి. తగ్గించాల్సి వస్తే డాక్టరే మెల్లమెల్లగా తగ్గిస్తారు.

మరి ధ్యానమే తప్పా? కాదని ఆయనే అన్నారు. 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ విషయం మీద ఒక ప్రకటన ఇచ్చింది. ధ్యానం వల్ల కొంత మేలు ఉండొచ్చు, మందులకు తోడుగా చేసుకోవచ్చు అంది. మందులకు బదులుగా అనలేదు. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మంది మీద 'యోగా-కేర్' అనే అధ్యయనం చేసి 2020లో ఫలితాలు వెలువరించారు. యోగా, ధ్యానం చేసినవాళ్ళు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, మునుపటి పనుల్లోకి బాగా తిరిగి వచ్చారు. కానీ మరణాలు, మళ్ళీ గుండెపోటు లాంటివి తగ్గాయని గట్టిగా తేలలేదు. పైగా వాళ్ళంతా మామూలు వైద్యం తీసుకుంటూనే చేశారు. మా నాయనకు మొదటి రెండు వారాలు దొరికింది ఆ మేలే. అక్కడితో ఆగి ఉంటే ఈ పోస్టు రాసేదాన్ని కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. మిగిలిన రోజులకైనా వాపసు ఇవ్వమంటే రసీదు చూసుకోమన్నారు. చూస్తే అందులో 'ఫీజు' అని లేదు, 'విరాళం' అని ఉంది. విరాళం తిరిగివ్వరట. కట్టిన రోజు నేను మొత్తం అంకె చూశానే తప్ప ఆ మాట చూడలేదు. మీరు కట్టే ముందు రసీదు మీద ఏం రాస్తున్నారో చదవండి, సేవకు ఫీజు అని రాయించుకోండి. అలా రాయడం కుదరదంటే కట్టకుండా వచ్చేయండి. గుండె జబ్బు నయం చేస్తామని గోడల మీద, కరపత్రాల్లో మందులకు, మహిమలకు ప్రచారం చేయకూడదని 1954 నుంచే చట్టం ఉంది. కరపత్రం దొరికితే పారేయకండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ళ గడువు ఉంది, కట్టింది 5 లక్షల లోపైతే కమిషన్ ఫీజు కూడా లేదు. కాగితాలు సిద్ధం చేస్తున్నాను. రసీదులో విరాళం అని ఉన్నా, డబ్బు పడిన రోజు వాళ్ళు పంపిన వాట్సాప్ మెసేజ్‌లో 'మీ ప్యాకేజీ ఫీజు అందింది' అని ఉంది. దాన్ని ప్రింటు తీసి జత చేశాను. మీ ఫోన్లోనూ అలాంటి మెసేజ్ ఉంటే డిలీట్ చేయకండి.