ఓటీటీలో పేరెంటల్ లాక్: నరసాపురంలో ఓ విశ్వాసి ఇంట్లో ఏళ్లు వాడాక

లాక్‌డౌన్‌లో హాళ్లు మూతపడ్డాక మా ఇంట్లోకి ఓటీటీ వచ్చింది. అప్పటినుంచీ దాని పేరెంటల్ లాక్ వాడుతున్నాను. మాది నరసాపురం. 1836లో ఇండియా వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ సేవ చేసిన ప్రాంతం ఇది. తాతల కాలం నుంచి మేం బ్రదరెన్ అనే క్రైస్తవ సహవాసంలోనే ఉన్నాం. మా నాన్నగారి తరంలో సినిమా చూడటమే తప్పు. నేను అంత దూరం వెళ్లను, మంచి కథ చెప్పగలగడం దేవుడిచ్చిన వరమేనని నా నమ్మకం. అలాగని ఏది పడితే అది పిల్లల ముందు పెట్టలేను.

2021 ఐటీ రూల్స్ ప్రకారం ఓటీటీలు ప్రతి సినిమాకీ, సిరీస్‌కీ యూ, యూఏ 7+, 13+, 16+, ఏ అని వయసు గుర్తు వేయాలి. 13+ నుంచి పైవాటికి లాక్ సదుపాయం ఇవ్వాలి. మేం పిల్లలకి వేరే ప్రొఫైల్ తెరిచి, మా ప్రొఫైల్‌కి పిన్ పెట్టాం. ఈ పని అది బాగానే చేస్తోంది. వయసుకి మించినవి పిల్లల ప్రొఫైల్లో కనబడవు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆటోప్లే ఆపేసే సెట్టింగ్. అది ఆపాక, ఒకటి అయిపోగానే అడక్కుండా ఇంకోటి మొదలయ్యే బాధ తప్పింది.

లాక్‌కి అందనివి వేరే ఉన్నాయి. మొదట్లో తెర మూల హింస, భాష, మత్తుపదార్థాలు అని వేస్తారు. పెళ్లయినవాడు ఇంకో అమ్మాయి వెంట పడటాన్ని కామెడీ చేశారనిగానీ, కాదన్న అమ్మాయిని వేధించి ఒప్పించడాన్ని ప్రేమ అన్నారనిగానీ హెచ్చరిక వేయడం నేనెప్పుడూ చూడలేదు. ఇవి చాలావరకు 13+ లోపే వచ్చేస్తాయి. రక్తం చూస్తే పిల్లలే మొహం తిప్పుకుంటారు. వీటికి నవ్వుతారు, నవ్విందల్లా మామూలైపోతుంది. నా భయమంతా దీని గురించే.

అందుకే టీవీ హాల్లోనే ఉంచాం. మా అత్తయ్యగారు లేసు అల్లుకుంటూ పక్కనే కూర్చుంటారు. అలాంటి సీను వస్తే ఆవిడ, "ఆ పిల్ల వద్దంటోంది కదరా, వినబడట్లేదా వాడికి?" అంటారు. ఆ ఒక్క మాట చేసే పని ఏ సెట్టింగూ చేయలేదు. బైబిల్లో ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు సత్యమైనవాటిని, పవిత్రమైనవాటిని తలపోయమన్నాడు. సినిమా అయ్యాక మేం ఆ లెక్కనే మాట్లాడుకుంటాం. ఒక్కోసారి వాదన అవుతుంది, అవ్వనీ.

ఇక ఫోన్ సంగతి. టీవీకి పిన్ పెట్టి ఫోన్లో రీల్స్ వదిలేస్తే, తాళం వేసితిని గొళ్లెం మరచితిని అన్నట్టే. ఓటీటీ లాక్ అక్కడ పనిచేయదు, ఫోన్ సెట్టింగులు విడిగా పెట్టుకోవాలి. సంక్రాంతికి కోడిపందాల బరుల దగ్గర వేసే రికార్డింగ్ డాన్సులకైతే ఏ లాకూ లేదు. అక్కడికి మేం వెళ్లం. ఎందుకు వెళ్లమో పిల్లలకి చెప్పాం. "ఆడపిల్లని అలా ఆడించి డబ్బులు విసరడం యేసుప్రభువుకి ఇష్టమవుతుందా అమ్మా?" అని మా పాప తనే అడిగింది.

చిన్నపిల్లలున్న ఇంట్లో లాక్ తప్పకుండా పెట్టండి. పదో తరగతి లోపు దాని అవసరం చాలా ఉంది. ఇంటర్‌కి వచ్చాక మా అబ్బాయికి పిన్ చెప్పేశాం. రేపు హాస్టల్లో వాడి ఫోన్‌కి నేను లాక్ వేయలేను. ఏది చూడకూడదో వాడే తేల్చుకోవడం ఇంట్లో ఉండగానే అలవాటవ్వాలి.