చెన్నైలో డీలర్ మీట్‌కి హాలు: చివరి వరుసలో కూర్చుని చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి

నెల్లూరు, తిరుపతి, ఒంగోలు, విజయవాడ నుంచి యాభై అరవై మందిని పిలిచి చెన్నైలో డీలర్ మీట్ పెట్టాలనుకునే వాళ్లు హోటల్‌కి ఫోన్ చేసి మొదట అడిగేది "హాలు అద్దె ఎంతండీ?" అని. అది ఆఖరున అడగాల్సిన మాట. మనవాళ్లు ఏ దారిన వస్తారు, లోపల ఎలా కూర్చుంటారు, ఎన్ని గంటలు ఉంటారు అనే మూడింటికీ మీ దగ్గర జవాబు లేకపోతే, అవతలివాళ్లు చెప్పే అద్దెకు అర్థమే ఉండదు.

ముందు దారి సంగతి. రైల్లో వచ్చేవాళ్లు ఎక్కువగా సెంట్రల్‌లో దిగుతారు. కొన్ని రైళ్లు ఎగ్మోర్ మీదుగా తాంబరం వైపు పోతాయి. హైదరాబాద్, విశాఖ నుంచి విమానంలో వచ్చేవాళ్లు మీనంబాక్కంలో, ఆంధ్రా బస్సుల్లో వచ్చేవాళ్లలో చాలామంది మాధవరం టెర్మినల్లో దిగుతారు. సెంట్రల్‌నీ ఎయిర్‌పోర్టునీ కలిపేది మెట్రో బ్లూ లైన్. ఎల్‌ఐసీ, థౌజండ్ లైట్స్, తేనాంపేట, నందనం, సైదాపేట, గిండీ అన్నీ ఈ లైన్ మీదే ఉన్నాయి. అందుకే వచ్చేవాళ్లు సగం రైలూ సగం విమానమూ అయితే తేనాంపేట నుంచి గిండీ దాకా ఉన్న ఆ ముక్కలోనే వెతకండి. ఉదయం తొమ్మిదింటికి మౌంట్ రోడ్డు మీద కారు ఎంతసేపు నిలబడుతుందో ఎవరూ చెప్పలేరు, మెట్రో మాత్రం లెక్క తప్పదు.

అందరూ రైలు వాళ్లే అయి, సాయంత్రమే తిరిగి వెళ్లిపోయేదుంటే పెరియమేడు, ఎగ్మోర్ చుట్టుపక్కల హోటళ్లు చాలు. పాత కట్టడాలు, చిన్న లిఫ్టులు, పార్కింగ్ తక్కువ. కానీ మీటింగ్ అయిదున్నరకి ముగిసినా ఆరున్నర రైలు అందుతుంది. టీనగర్ అంటే మనవాళ్లకి ఇష్టం, మీటింగ్ తర్వాత కొనుగోళ్లకి పానగల్ పార్కు వైపు వెళ్లొచ్చని. అక్కడ కార్లు నిలపడం కష్టం. బ్లూ లైన్‌లో తేనాంపేటలోనో నందనంలోనో దిగి ఆటో ఎక్కాలి. లోకల్ రైలుకైతే మాంబలం స్టేషన్ పక్కనే ఉంది. ఓఎంఆర్‌లో, అంటే ఐటీ ఆఫీసులున్న పాత మహాబలిపురం రోడ్డులో, హాళ్లు కొత్తవి, బాగుంటాయి. కానీ మీ కస్టమర్లు ఆ ఐటీ ఆఫీసుల్లో ఉంటే తప్ప సెంట్రల్‌లో దిగినవాళ్లని అంత దూరం లాక్కెళ్లకండి. నందంబాక్కం ట్రేడ్ సెంటర్ ఎగ్జిబిషన్లకి తగ్గ చోటు, అరవై మందికి అవసరం లేదు. అయినా దాని క్యాలెండర్ చూసుకోండి. అక్కడ పెద్ద ప్రదర్శన నడిచే రోజుల్లో గిండీ, ఆలందూరు హోటళ్లలో గదులు దొరకవు, దొరికినా రేటు పెరిగి ఉంటుంది.

ఇక హాలు లోపలికి. బ్రోషర్‌లో 'కెపాసిటీ 100' అని ఉంటే అది థియేటర్ వరుసల లెక్క, అంటే టేబుళ్లు లేకుండా ఒట్టి కుర్చీలు. దానికి మనిషికి 8 నుంచి 10 చదరపు అడుగులు సరిపోతాయి. రాసుకోవడానికి టేబుల్ కావాలంటే, వాళ్లు క్లాస్‌రూమ్ అనే ఆ పద్ధతికి మనిషికి 15 నుంచి 18 అడుగులు పడుతుంది. యూ ఆకారంలో కూర్చోబెడితే 30 దాటుతుంది. అంటే 1,000 చదరపు అడుగుల హాల్లో థియేటర్‌గా వందమంది, క్లాస్‌రూమ్‌గా యాభై అయిదు అరవై మంది, యూ షేప్‌లో ముప్ఫై మంది. పైగా స్టేజీ, రిజిస్ట్రేషన్ టేబుల్, శాంపిల్ సరుకు పెట్టే స్టాండు, టీ కౌంటరు లోపలే పెడతామంటే ఒక్కోదానికీ చోటు పోతుంది. టీ కౌంటరు బయట వరండాలో పెట్టమనండి. కప్పుల చప్పుడు లోపలికి రాదు, పదిహేను ఇరవై కుర్చీల స్థలం మిగులుతుంది.

హాలు చూడటానికి ఒక్కసారైనా మనిషి వెళ్లాలి, అదీ మీటింగ్ జరిగే వేళకే. సాయంత్రం లైట్లలో చూసిన హాలు ఉదయం పదింటికి వేరేలా ఉంటుంది. తూర్పు కిటికీకి పల్చటి కర్టెన్ ఉంటే స్క్రీన్ మీద అక్షరాలు వెలిసిపోతాయి. వెళ్లినప్పుడు ముందు వరుసలో నిలబడి బాగుందనుకోకుండా, చివరి వరుసలో, గోడ పక్క కుర్చీలో అయిదు నిమిషాలు కూర్చోండి. అక్కడినుంచి స్తంభం అడ్డొస్తుందా? స్క్రీన్ కింది అంచు కనబడుతుందా? కింది అంచు నేల నుంచి కనీసం నాలుగు అడుగుల ఎత్తులో లేకపోతే ముందు కూర్చున్నవాళ్ల తలలే కనబడతాయి. ఫాల్స్ సీలింగ్ తొమ్మిది అడుగులే ఉన్న హాల్లో నాలుగు పోతే బొమ్మ ఎత్తుకి మిగిలేది అయిదు అడుగులు. బొమ్మ ఎత్తుకి ఆరు రెట్ల దూరం దాటి కూర్చున్నవాళ్లకి ధరల పట్టిక చదవడం కష్టం. ఆ లెక్కన ముప్ఫై అడుగుల తర్వాత కుర్చీలు వేసినా ఉపయోగం లేదు. పొడవాటి సన్నటి హాలు చవగ్గా వస్తోందంటే కారణం చాలాసార్లు ఇదే. అలాంటి హాలు తీసుకోక తప్పకపోతే స్క్రీన్‌ని పొడవు గోడకి మధ్యలో పెట్టించి, కుర్చీలు అటు తిప్పించండి.

ఆ కుర్చీలోంచే ఏసీ కూడా చూడండి. కదలకుండా కూర్చున్న మనిషి ఒంటినుంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. అరవై మందికి 6 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ గదిలోంచి లాగేసే వేడి మూడున్నర కిలోవాట్లు. అంటే మనుషుల వేడికే దాదాపు రెండు టన్నులు పోతాయి. లైట్లు, ప్రొజెక్టరు, ఎండ తగిలే పడమటి గోడ, ప్రతి టీకీ తెరుచుకునే తలుపు దీనికి అదనం. గోడకి రెండు ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీలు చూపించి "చాలండీ" అంటే ఒప్పుకోకండి. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకురాదు, లోపలి గాలినే చల్లబరుస్తుంది. తలుపులు మూసి అరవై మంది రెండు గంటలు కూర్చుంటే గాలి బరువెక్కి, భోజనం తర్వాత అందరికీ కళ్లు మూతలు పడతాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందా, అది తిరుగుతుందా అని స్విచ్ వేసి చూడండి. ఏసీ మీటింగ్‌కి ముప్పావుగంట ముందే వేయాలని రాయించుకోండి. మనుషులు నిండాక వేస్తే మధ్యాహ్నం దాకా చల్లబడదు.

కరెంటు పోతే జనరేటర్ ఉంటుంది, ఆ మాట అందరూ చెబుతారు. అడగాల్సింది రెండు: జనరేటర్ మీద ఏసీ కూడా నడుస్తుందా, మారేటప్పుడు ఎన్ని సెకన్లు ఆగుతుంది. పది సెకన్లు ఆగినా లాంప్ ప్రొజెక్టర్ మళ్లీ వెలగడానికి నిమిషాలు పడుతుంది. ప్రొజెక్టర్‌నీ లాప్‌టాప్‌నీ చిన్న యూపీఎస్ మీద పెట్టించుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. లైట్లు పూర్తిగా ఆర్పకుండానే స్క్రీన్ కనబడాలంటే 3,500 ల్యూమెన్లకి (వెలుగుకి కొలత) తగ్గని ప్రొజెక్టర్ కావాలి. హెచ్‌డీఎంఐ మామూలు కేబుల్ పదిహేను మీటర్లు దాటితే బొమ్మ మిణుకుతుంది, ఒక్కోసారి అసలు రాదు. అందుకే లాప్‌టాప్ ఎక్కడ పెడతారో ముందే తేల్చుకోండి. టైప్‌-సి అడాప్టర్ మీరే తీసుకెళ్లండి, హోటల్లో ఉన్నదాన్ని నమ్ముకోవద్దు. మైకు పట్టుకున్న మనిషి స్పీకర్ బాక్స్ ముందుకొస్తే కూత పుడుతుంది కాబట్టి బాక్సులు మాట్లాడేవాడికి ముందు ఉండాలి, వెనక కాదు. వీడియోలో హెడ్డాఫీసు కలవాలంటే గెస్ట్ వైఫైతో కుదరదు. గంటకోసారి ఓటీపీ అడిగి తెగిపోతుంది. ల్యాన్ వైరు ఒకటి స్టేజీ దగ్గరికి లాగించి, మీ లాప్‌టాప్‌కే పెట్టి అప్‌లోడ్ వేగం కొలవండి. నిలకడగా 5 ఎంబీపీఎస్ వస్తే ఒక కాల్‌కి ఎక్కువే.

పది పదిహేను మందే అయితే హోటల్ వద్దు. నుంగంబాక్కం, గిండీ, ఓఎంఆర్‌లో కోవర్కింగ్ ఆఫీసులు గంటల లెక్కన గది ఇస్తాయి. పెద్ద టీవీ, తెల్లబోర్డు, ల్యాన్ అన్నీ ఉంటాయి. అక్కడ చిక్కు శనివారాల్లో వస్తుంది. ఆ కట్టడాల్లో చాలావాటికి సెంట్రల్ ఏసీ బిల్డింగ్ వాళ్ల చేతిలో ఉంటుంది. శనివారం మధ్యాహ్నం నుంచి ఆపేస్తారు, తర్వాత కావాలంటే గంటకి విడిగా డబ్బు. బుక్ చేసే యాప్‌లో ఇది కనబడదు, ఫోన్ చేసి అడగాలి. గేటు దగ్గర ప్రతి ఒక్కరి పేరూ నంబరూ ముందురోజే పంపకపోతే సెక్యూరిటీ దగ్గరే పావుగంట పోతుంది.

తిండి విషయంలో మొహమాటపడొద్దు. హోటల్ మెనూలో సాంబారు, రసం, పొరియల్ ఎలాగూ ఉంటాయి. మనవాళ్లకి ముద్దపప్పు, నెయ్యి, ఒక రోటి పచ్చడి, ఆవకాయ, గట్టి పెరుగు పడితే చాలు, ఆ రోజు భోజనం బాగుందంటారు. రెండో పనీర్ కూర, మూడో స్వీటు తీయించేసి వాటి బదులు ఇవి అడగండి. రేటు పెంచకుండానే ఒప్పుకుంటారు. బఫే టేబుల్‌ని గోడకి ఆనించి పెడితే ఒకటే వరుస నడుస్తుంది. అరవై మంది వడ్డించుకునేసరికి అరగంట దాకా పడుతుంది. టేబుల్‌ని గోడకి దూరంగా లాగి రెండు వైపులా ప్లేట్లు పెట్టిస్తే ఆ సమయం సగానికి తగ్గుతుంది.

ఇప్పుడు డబ్బు. హోటళ్లు సాధారణంగా హాలు, భోజనం, రెండు టీలు, మైకు, ప్రొజెక్టరు కలిపి తలకి ఇంత అని చెబుతాయి. వాళ్ల భాషలో మనిషి అంటే 'పాక్స్'. దాంతోపాటు మినిమం గ్యారంటీ అని ఒక సంఖ్య రాయించుకుంటారు. ఉదాహరణకి తలకి 1,200 చొప్పున 60 గ్యారంటీ ఇస్తే 72,000. వచ్చింది 48 మందే అయినా ఆ మొత్తం కట్టాల్సిందే. ఎక్కువ వస్తే ప్లేటుకి ప్లేటు కలుపుతారు. ఊళ్లనుంచి వచ్చే మీటింగులకి ఒప్పుకున్నవాళ్లలో కొందరు ఆగిపోవడం మామూలే కాబట్టి 60 అనుకుంటే 50 రాయించండి, పైన పది మందికి తయారుగా ఉండమనండి. ఆఖరి సంఖ్య 48 గంటల ముందు చెబుతామని కాగితం మీద పెట్టించుకోండి.

జీఎస్టీ దగ్గర మనవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు. హాలు ఒక్కటే తీసుకుంటే 18 శాతం. హాలూ భోజనమూ కలిపిన ప్యాకేజీ అయితే, గది రేటు 7,500 దాటని మామూలు హోటళ్లలో 5 శాతం, అంతకు మించిన గదులున్న 'స్పెసిఫైడ్' హోటళ్లలో 18 శాతం. పై 72,000 మీద ఒకచోట 3,600, ఇంకోచోట 12,960 అవుతుంది. ఆ 18 శాతం క్రెడిట్‌గా, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, తిరిగొస్తుందిలే అనుకోవడం పొరపాటు. కార్యక్రమం ఎక్కడ జరిగితే పన్ను ఆ రాష్ట్రానిదే కాబట్టి బిల్లులో సీజీఎస్టీ, తమిళనాడు ఎస్‌జీఎస్టీ పడతాయి. ఆంధ్రా రిజిస్ట్రేషన్ మాత్రమే ఉన్న కంపెనీకి అది పూర్తిగా ఖర్చే. తమిళనాడులో బ్రాంచి నంబరు ఉంటే ఆ నంబరుతో బిల్లు చేయించుకుని, ఎంతవరకు క్రెడిట్ వస్తుందో మీ ఆడిటర్‌ని ముందే అడగండి. రెండు హోటళ్ల కొటేషన్లు పోల్చేటప్పుడు పన్నుతో కలిపిన మొత్తాన్నే పక్కపక్కన పెట్టండి.

తేదీ ఎంపికలో తమిళ నెలలు తెలిస్తే లాభం. జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు వాళ్లకి ఆడి మాసం, పెళ్లిళ్లుండవు. హాళ్లు ఖాళీగా ఉంటాయి, బేరం కుదురుతుంది. అది మన ఆషాఢంతో సరిగ్గా కలవదు, క్యాలెండర్ చూసుకోవాలి. అయితే అదే ఆడిలో టీనగర్ దుకాణాల్లో డిస్కౌంట్ అమ్మకాలు, రోడ్డు మీద కాలు పెట్టే చోటుండదు, మీటింగ్ వేరే పేటలో పెట్టుకోవడం మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకీ చెన్నై విమానాశ్రయం మూతపడింది. ఆ నెలల్లో తప్పదంటే, తుపాను హెచ్చరిక వస్తే అడ్వాన్స్ పోకుండా తేదీ మార్చుకునే షరతు రాయించండి. డబ్బు వెనక్కివ్వమంటే హోటళ్లు ఒప్పుకోవు, తేదీ మార్చమంటే ఒప్పుకుంటాయి.

రాత్రి రైలెక్కి తెల్లారి అయిదింటికి దిగేవాళ్లకి స్నానం ఎక్కడ? హోటల్లో చెకిన్ మధ్యాహ్నం పన్నెండింటికో రెండింటికో ఉంటుంది. అరవై మందికి గదులు తీయక్కర్లేదు. హాలున్న హోటల్లోనే ముందురోజు రాత్రి నుంచి మూడు నాలుగు గదులు తీసి, తెల్లవారి వచ్చేవాళ్లు తయారవడానికి వాడుకుంటామని ముందే చెప్పండి. తువ్వాళ్లకి కొంచెం డబ్బు అడుగుతారు, ఇవ్వండి. ముందురోజే వచ్చి ఉండేవాళ్లకి సెంట్రల్, ఎగ్మోర్ దగ్గరి లాడ్జీల్లో 24 గంటల లెక్క ఇచ్చేవి ఉంటాయి, గదికి ఇద్దరు చొప్పున అవి చవక. ప్రతి ఒక్కరూ ఒరిజినల్ ఆధార్ తెచ్చుకోవాలని వాట్సాప్‌లో రెండుసార్లు పెట్టండి.

ఇవన్నీ ఒప్పుకున్నాక హోటల్ వాళ్లు 'ఎఫ్‌పీ' అని ఒక కాగితం తయారుచేస్తారు, ఫంక్షన్ ప్రాస్పెక్టస్. వంటింటికి, ఎలక్ట్రీషియన్‌కి, లెక్కల వాళ్లకి ఆ రోజు పోయేది అదొక్కటే. సేల్స్ మేనేజర్ నోటితో ఒప్పుకున్నది అందులో లేకపోతే ఎలక్ట్రీషియన్‌కి తెలియదు. కుర్చీల పద్ధతి, తలుపు తెరిచే సమయం, ఏసీ వేసే సమయం, మైకులెన్ని, ల్యాన్ వైరు, ఆవకాయ, అదనపు గంటకి ఎంత, బ్యానర్ ఎక్కడ కట్టనిస్తారు, కార్లెన్నిటికి చోటు, అన్నీ అందులో ఉండాలి. ఆ కాగితం కాపీ ఒకటి మీ మనిషి జేబులో పెట్టుకుని, మీటింగ్ రోజు ఏడున్నరకే హాల్లో ఉండాలి. మధ్యాహ్నం భోజనం అవగానే వడ్డన చూసే హోటల్ కెప్టెన్‌తో కలిసి ప్లేట్లు లెక్కపెట్టించి, ఆ సంఖ్య మీద ఇద్దరి సంతకాలూ అప్పుడే అయిపోవాలి. సాయంత్రం బిల్లు వచ్చాక ఎన్ని ప్లేట్లో గుర్తుచేసుకోవడం ఎవరివల్లా కాదు.