మారుపేరా, అసలు పేరే లేకుండానా?

ఆన్‌లైన్‌లో రాసేటప్పుడు ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. మారుపేరు కూడా పేరే. భాగవతుల సదాశివ శంకరశాస్త్రి అంటే ఎంతమందికి తెలుసు? ఆరుద్ర అంటే చాలు.

నమ్మకం: మారుపేరుకి మెల్లగా పెరుగుతుంది, పాత రాతలు చూసి జనం వస్తారు. పేరు లేకపోతే ప్రతిసారీ మొదటి నుంచే.

శ్రమ: మారుపేరుకి వేరే మెయిల్, వేరే నంబరు, ఏళ్ల తరబడి జాగ్రత్త. పేరు లేకపోతే రాసి వదిలేయడమే.

రిస్కు: అసలు టెన్షన్ ఇక్కడే. మారుపేరుతో వంద పోస్టులు రాసేసరికి ఊరి సంగతి ఒకచోట, పిల్లాడి స్కూలు ఇంకోచోట, మన ఊతపదం అన్నిచోట్లా పడి ఉంటాయి, ఎవరైనా తీగ లాగితే డొంకంతా కదులుతుంది. నేను ప్రతి పేరాలో 'అదేమిటో గానీ' అని రాస్తానట, అది చూసే ఆఫీసులో ఒకావిడ నన్ను పట్టేసింది. పేరు లేని ఒక్క పోస్టులో అన్ని ఆనవాళ్లు దొరకవు. ఐపీ అడ్రసు (మన నెట్ కనెక్షన్ నంబరు) మాత్రం రెండింటిలోనూ రికార్డు కావచ్చు, కాబట్టి బూతులో బెదిరింపులో రాస్తే ఏదీ మనల్ని కాపాడదు.

కథలు, వంటలు, ఏళ్లపాటు రాయాలనుకున్నవి ఉంటే మారుపేరు పెట్టుకోండి. ఆఫీసులో వేధింపో ఇంట్లో దెబ్బలో ఒక్కసారి చెప్పుకోవాలంటే పేరు వద్దు. ఫోన్‌తో తీసిన ఫోటో కూడా పెట్టకండి, అందులో లొకేషన్ ఉండిపోవచ్చు.