మంచు పడే చోట పాత కారు కొంటున్నారా? కింద ఫ్రెష్‌గా నల్ల కోటింగ్ కనిపిస్తే ఆగండి

మంచు కురిసే ప్రాంతాల్లో సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నవాళ్ళు దయచేసి ఇది చదివాకే డబ్బులు కట్టండి. నేను కొన్న పాత కారు పైకి తళతళా మెరుస్తోంది, ఇంజిన్ స్మూత్‌గా ఉంది, వంగి చూస్తే కింద కూడా అంతా నల్లగా నీట్‌గా ఉంది, అమ్మినాయన "ఈ మధ్యే అండర్‌కోటింగ్ చేయించామండీ, ఇంక తుప్పు భయమే లేదు" అన్నాడు. తర్వాత బ్రేక్ పని ఉండి లిఫ్ట్ ఎక్కిస్తే మెకానిక్ ఆ నలుపు మీద స్క్రూడ్రైవర్‌తో కాస్త నొక్కాడు అంతే, పెచ్చులు పెచ్చులుగా రాలిపోయి డోర్ల కింద ఉండే రాకర్ ప్యానెల్‌లోకి స్క్రూడ్రైవర్ దిగిపోయింది. బ్రేక్ పైపులు కూడా పొరలు పొరలుగా లేచిపోయాయి, నడిరోడ్డు మీద పగిలితే ఫ్లూయిడ్ కారిపోయి బ్రేక్ సరిగ్గా పడదు. పిల్లాపాపలు ఎక్కే బండిని ఇలా రంగు పూసి అమ్మడానికి మనసెలా వచ్చిందో.

అసలు తుప్పు పట్టేది చలికి కాదు, మంచు కరగాలని రోడ్ల మీద చల్లే ఉప్పుకి. ఉప్పు కలిస్తే నీళ్ళు సున్నా డిగ్రీల కింద కూడా గడ్డకట్టవు, ఆ ఉప్పునీళ్ళు టైర్లు చిమ్మినప్పుడల్లా కారు కింద ప్రతి సందులోకీ పోతాయి, పైగా మామూలు నీళ్ళకంటే వాటిలో కరెంట్ తేలిగ్గా పారుతుంది కాబట్టి ఇనుము ఆక్సిజన్‌తో కలిసి తుప్పుగా మారే రియాక్షన్ చాలా స్పీడ్ అవుతుంది. బాగా చలి ఉన్న చోట మామూలు ఉప్పు సరిగ్గా పనిచేయదు, సుమారు -9 డిగ్రీలు దాటాక నెమ్మదిస్తుంది, అందుకని కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కూడా వాడతారు. ఇవి ఇంకా మొండివి, గాలిలో తేమని లాక్కుంటాయి, రోడ్డు ఆరిపోయినా కారు సందుల్లో తడి ఆరదు.

"వెచ్చటి గ్యారేజ్‌లోనే పెట్టేవాళ్ళం" అంటే మురిసిపోకండి. ఉప్పు కడగకుండా లోపల పెడితే మంచు కరిగి, ఆ వేడికి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

ఇంకోటి, చాలాసార్లు తుప్పు లోపల్నుంచి బయటికి వస్తుంది. డోర్ల అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి, వెల్డింగ్ అతుకుల్లో ఉప్పు చేరి అక్కడే మొదలవుతుంది, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పెయింట్ బుడగలా ఉబ్బుతుంది, ఆ బుడగ మీకు కనిపించేసరికే లోపల రేకు సగం తినేసి ఉండొచ్చు. జింక్ పూత ఉన్న బాడీ అయితే కొన్నాళ్ళు ఆగుతుంది, ఎందుకంటే ముందు జింక్ కరుగుతుంది, అది అయిపోయాక ఇనుము వంతు. తుప్పు మీదే గట్టి రబ్బరు కోటింగ్ కొట్టేస్తే మాత్రం తడి లోపలే ఇరుక్కుని పని ఇంకా ఫాస్ట్‌గా జరుగుతుంది, పైనుంచి మనకేమీ కనబడదు!

కాబట్టి లిఫ్ట్ ఎక్కించి మీకు తెలిసిన మెకానిక్‌తో చూపించండి, అమ్మేవాళ్ళ మెకానిక్ వద్దు. జాకీ పెట్టే చోట్లు, సస్పెన్షన్ బిగించే చోట్లు, బ్రేక్ పైపులు, ఫ్యూయల్ పైపులు ముఖ్యం. కార్పెట్ ఎత్తి చూడండి, స్టెప్నీ కింద కూడా. చక్రాల పైన ఉండే అంచు మీద అయస్కాంతం పెడితే అంటుకోకపోతే అక్కడ పుట్టీ ఉండే ఛాన్స్ ఎక్కువ, కొన్ని కార్లకి అల్యూమినియం, ప్లాస్టిక్ భాగాలు ఉంటాయి అది కూడా కనుక్కోండి. సైలెన్సర్ మీద పైపైన కాస్త ఎర్రటి తుప్పు ఉంటే కంగారు పడక్కర్లేదు, పొరలు లేచినా, నొక్కితే లోపలికి పోయినా ఆ కారు వద్దు. లిఫ్ట్ ఎక్కించడానికి ఒప్పుకోకపోతే ఇంక బేరం కూడా ఆడకండి.

ఇప్పటికే కొనేసినవాళ్ళు ఈ వారంలోనే ముందు బ్రేక్ పైపులు చూపించుకోండి, మిగతా తుప్పు సంగతి తర్వాత.