ఆన్‌లైన్ పేరెంట్ కోచింగ్ ప్యాకేజీ తీసుకుంటున్నారా? ఓటీపీ చెప్పే ముందు ఇది చదవండి

పిల్లలకు ఆటిజమో, మాట ఆలస్యమో ఉందని ఒక్కసారి ఫోనులో వెతికితే చాలు, ఇక ప్రకటనలు వెంటపడతాయి. "ఇంట్లోనే థెరపీ, తల్లే థెరపిస్టు, ఆరు నెలల్లో మార్పు" అంటూ. అలాంటి ఒక కంపెనీ దగ్గర 48,000 రూపాయల ప్యాకేజీ తీసుకున్నాం. ప్యాకేజీ అటకెక్కింది, లోను మాత్రం మిగిలింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నడుస్తున్నందున పేరు రాయడం లేదు. అదీకాక ఇదే తీరులో అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు.

తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వడమే బూటకమని నేను అనడం లేదు. ఎదుగుదలలో వెనకబడిన 2 నుంచి 9 ఏళ్ల పిల్లల కుటుంబాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒక శిక్షణ రూపొందించింది. అందులో 9 బృంద సమావేశాలు, 3 సార్లు ఇంటికి వచ్చి చూడటం ఉంటాయి. కరీంనగర్ జిల్లాలో మండల కేంద్రంలో ఉండే మాలాంటి వాళ్లకు వారం వారం హైదరాబాద్ వెళ్లడం అయ్యే పని కాదు కాబట్టి, సరైనవాళ్లు దొరికితే ఆన్‌లైన్ నిజంగా వరమే. ఆ అవసరం అమ్మేవాళ్లకు బాగా తెలుసు.

ప్రకటన కింద వివరాలు నింపిన కాసేపటికే ఫోను వచ్చింది. మాట్లాడిన అమ్మాయి సీనియర్ కౌన్సెలర్‌నని చెప్పుకుంది. బాబుకు నాలుగున్నరేళ్లు అనగానే, "అయ్యో అక్కా, ఇప్పటికే ఆలస్యమైంది. ఆరు దాటితే ఇక ఎవరూ ఏమీ చేయలేరు" అంది. తన తమ్ముడూ చిన్నప్పుడు ఇలాగే ఉండేవాడట, ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడట. (జిల్లా ఆసుపత్రిలో పరిచయమైన మరో తల్లికి ఇదే కంపెనీ నుంచి ఫోను చేసినప్పుడు ఆ తమ్ముడు మేనల్లుడయ్యాడు.) చిన్న వయసులో మొదలుపెడితే మేలన్నది నిజమే. ఆరేళ్లకు తలుపులు మూసుకుపోతాయన్నది మాత్రం భయపెట్టే మాట. ఆ భయం మీదే రాత్రి పన్నెండులోపు డబ్బు కట్టించాలని చూస్తారు. వాళ్లు పంపిన పేజీలో గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది, "ఈ నెలకు రెండు సీట్లే" అని రాసి ఉంటుంది. లేని తొందరను ఇలా సృష్టించడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లోనే నిషేధిత పద్ధతుల జాబితాలో చేర్చింది. డబ్బు చేతిలో పడ్డాక ఆ అమ్మాయి మళ్లీ ఫోను ఎత్తలేదు.

సెషన్లు తెలుగులోనే ఉంటాయన్న హామీ మీద తీసుకున్నాం. పగలంతా బాబును చూసుకునేది మా అత్తగారు, నేర్చుకోవాల్సింది కూడా ముందు ఆవిడే. తెర మీదికి వచ్చినవాళ్లలో ఎవరికీ తెలుగు రాదు. అత్తగారు కాసేపు మర్యాదకు కూర్చుని, పొయ్యి మీద పప్పు ఉందని లేచి వెళ్లిపోయేవారు. మనిషి అలవాటయ్యేలోపే థెరపిస్టు మారిపోయేది, కొత్తగా వచ్చినామె మళ్లీ "బాబు ఎన్నో నెలలో నడిచాడు?" దగ్గర మొదలుపెట్టేది.

బాబు కోసమే ప్రత్యేకంగా తయారు చేశామంటూ ఒక ప్రణాళిక పంపారు. అందులో భోజనం విభాగంలో ఫోర్కు పట్టుకోవడం నేర్పమని ఉంది. మా ఇంట్లో అందరం చేత్తో కలుపుకుని తింటాం. వాడికి రావలసింది ముద్ద చేసుకోవడం. రోజూ పెరట్లో ఊయల ఊపమని ఉంది. మాది రెండు గదుల పోర్షన్. ఇవన్నీ నవ్వుకుని వదిలేయవచ్చు. మూడో పేజీలో మా వాడి పేరు ఉండాల్సిన చోట ఎవరో పాప పేరు, వయసు, ఆ పాప పక్క తడుపుతోందన్న వివరం ఉన్నాయి. అడిగితే "టైపింగ్ పొరపాటు మేడమ్" అన్నారు. మా వాడి సంగతులు ఎవరింటికి చేరాయో! పెద్ద సంస్థ అయితే భద్రమేమో అనుకోవడానికీ లేదు. అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ, సహాయం కోరి వచ్చినవాళ్ల వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటివాటికి ఇచ్చిందన్న ఆరోపణపై 2023లో 78 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది డబ్బు సంగతి. నెలకు 4,000 చొప్పున వాయిదాలని, వడ్డీ లేదని చెప్పారు. సీటు ఖరారు కోసమంటూ పాన్ నంబరు, ఓటీపీ అడిగారు. నిజానికి అది ఒక ఫైనాన్స్ సంస్థ దగ్గర నా పేరు మీద తీసిన లోను. లోను సంస్థ మొత్తం సొమ్మును కంపెనీకి ముందే కట్టేస్తుంది. ఇక సెషన్ జరిగినా జరగకపోయినా కంపెనీకి పోయేదేమీ లేదు, వాయిదా మాత్రం మన ఖాతాలోంచి పోతూనే ఉంటుంది. మానేస్తామంటే "రీఫండ్ గడువు దాటింది" అన్నారు. వాళ్లు రాక ఆగిపోయిన సెషన్లను కూడా మేమే రద్దు చేసుకున్నట్టు యాప్‌లో చూపించారు. బ్యాంకులో ఆటోడెబిట్ ఆపేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. అలా చేస్తే అప్పు తీరదు, సిబిల్ స్కోరు పడిపోతుంది, వసూలు చేసేవాళ్ల ఫోన్లు మొదలవుతాయి.

కాబట్టి ఓటీపీ అడిగితే అది దేనికో సందేశంలో పూర్తిగా చదవండి. లోను అయితే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇవ్వాలి. అందులో వడ్డీ, రుసుములు, లోను వెనక్కి ఇచ్చేయడానికి ఉన్న గడువు ఉంటాయి. ఆ గడువులోపు అసలు, వాడిన రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడవచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అసలు ప్యాకేజీ జోలికే పోకుండా, ఏ సెషన్‌కు ఆ సెషన్ డబ్బు తీసుకునేవాళ్లను వెతుక్కోవడం మేలు. పనితనం మీద నమ్మకం ఉన్నవాళ్లు దానికి ఒప్పుకుంటారు.

రెండోది, థెరపిస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ముందే అడగండి. క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) దగ్గర నమోదై ఉండాలి. 1992 నాటి చట్టం ప్రకారం నమోదు లేకుండా ఈ వృత్తి చేస్తే శిక్ష కూడా ఉంది. నంబరు ఇస్తే మండలి వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. నమోదు అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి కాబట్టి తేదీ కూడా చూడండి. రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఈ మండలి కిందికి రారు, వాళ్ల డిగ్రీ ఎక్కడిదో అడగండి. పేరెంట్ కోచ్ అని పెట్టుకోవడానికి మాత్రం ఏ నమోదూ అక్కర్లేదు. మా ప్రణాళిక మీద సంతకం అలాంటి కోచ్‌దే.

డబ్బు పెట్టే ముందు ప్రభుత్వం వైపు కూడా ఒకసారి చూడండి. జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రాలు (డీఈఐసీ) పిల్లలను ఉచితంగా పరీక్షిస్తాయి. రద్దీ ఉంటుంది, ఓపిక కావాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, మేధో ఎదుగుదలలో వెనకబడినవారి కోసమే ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఆటిజం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు, థెరపీతో సహా, వర్తిస్తాయి. బిడ్డను చూసుకుంటూ మనమే కుంగిపోతున్నప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆ తర్వాత కంపెనీ మాకు సగం ఇస్తామంది, గూగుల్‌లో రాసిన రివ్యూ తీసేయాలన్న షరతు మీద. ఒప్పుకోలేదు. మన జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా సరే. అయిదు లక్షలలోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు. మాట్లాడిన కాల్ రికార్డింగులు, వాట్సాప్ సందేశాలు, ఆ వెనక్కి నడిచే గడియారం స్క్రీన్‌షాట్లు ఏవీ తొలగించకండి. యాప్‌లోని సెషన్ల చరిత్రను ఈ రోజే ఫొటో తీసి పెట్టుకోండి. ఫిర్యాదు చేశాక మాకు లాగిన్ పనిచేయలేదు.